కోడితో మొదలెట్టాలా మేకతోనా, ఎవరి దగ్గర నేర్చుకోవాలి: సొంతంగా కొయ్యడం నేర్చుకోవాలనుకునే వైజాగ్ వాళ్లకి

పద్మనాభం పక్కన మా తోటలో కోళ్లు పెట్టి ఏడేళ్లయింది, మేకలు పెట్టి నాలుగేళ్లు. మేం ఉండేది గాజువాకలో, శని ఆదివారాలు అక్కడికెళ్తాం, మిగతా రోజులు అత్తయ్య మావయ్య చూసుకుంటారు. ఇప్పుడు ఆనందపురం నించి సబ్బవరం దాకా ఎటు చూసినా మాలాంటి వాళ్లే. అరెకరం కొనుక్కోవడం, ఫెన్సింగ్ వెయ్యడం, నాటుకోళ్లు దింపడం, ఆర్నెల్లయ్యాక ఫోన్ చేసి "పెంచడం వచ్చింది గానీ కొయ్యడం రాదండీ, ప్రతిసారీ ఎవర్నో బతిమాలాలి, పోనీ మేమే నేర్చుకుందామంటే దేంతో మొదలెట్టాలి" అని అడగడం. కోడా మేకా, చికెన్ సెంటర్ అబ్బాయి దగ్గరా ఊళ్లో చుట్టాల దగ్గరా, కోర్సా, వీడియోలా, ఇలా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నా. ఆవులూ దూడల సంగతి మాత్రం ఇందులో లేదు, మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం వాటిని కొయ్యడమే నేరం.

ముందు నా తప్పు చెప్పేస్తా. నేను మొదటి కోడిని కోసింది ఒక ముక్కనుమ పొద్దున్న. ఇంటి నిండా చుట్టాలు, పొయ్యి మీద నీళ్లు కాగిపోతున్నాయి, ఎప్పుడూ కోసే మా మరిది ఇంకా నిద్ర లేవలేదు, నేనేదో పెద్ద ధైర్యస్తురాల్ని అన్నట్టు కూరగాయలు తరిగే చాకు పట్టుకుని పెరట్లోకెళ్లా. ఒక్క కోతలో అవ్వాల్సింది మూడు కోతలైంది. చాకుకి పదును లేదు, మెడలో ఏది ఎక్కడుందో నాకు తెలీదు, ఈకల మీద చాకు జారిపోతుంటే నేను ఇంకా కంగారు పడ్డా. ఆ పూట కూర అందరూ తిన్నారు, నాకు మాత్రం గొంతు దిగలేదు. తర్వాత ఆలోచిస్తే తెలిసిందేటంటే, ఆ రెండు లోపాలూ నెల ముందే తీరిగ్గా సరిచేసుకోగలిగినవి, దానికి ఒక్క ప్రాణం కూడా తియ్యక్కర్లేదు.

అందుకే నేను ఎవరికి చెప్పినా ఇదే చెప్తా, తిరగేసి నేర్చుకోండి. పని జరిగే వరస మెడ దగ్గర మొదలై ముక్కల దగ్గర ఆగుద్ది కాబట్టి అందరూ నేర్చుకోవడం కూడా అలాగే మొదలెడతారు. మీరు ముక్కల నించి వెనక్కి రండి. ముందు కోసి శుభ్రం చేసిన కోడిని కీళ్ల దగ్గర విడదియ్యడం, అది చెయ్యి తిరిగాక పేగులు తియ్యడం, ఆ తర్వాత ఈకలు, అన్నిటికన్నా ఆఖర్న మెడ. కోసేసిన కోడి మీద మీరు ఎన్ని తప్పులు చేసినా దానికి నొప్పి లేదు, మహా అయితే ముక్కలు వంకర్లు పోతాయి.

ఇది నా తెలివి కాదు, మా అత్తయ్య పుణ్యం. మా ఇళ్లలో మగాళ్లు కోసి పడేసి చేతులు కడుక్కుని వెళ్లిపోతారు, తర్వాత పనంతా ఆడాళ్లదే, చేదు ఎక్కడుంటదో, కందనకాయ ఎలా చీరాలో నలభై ఏళ్లుగా ఆవిడ చేతులకి తెలుసు. నా ముక్కనుమ భాగోతం అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఏటే అమ్మీ అలా నరుకుతావు, కీలెక్కడుందో ఏలు పెట్టి సూసుకోవాల గాని" అంది. అంతే, ఆ రోజు నించి దాదాపు మూడు నెలలు ప్రతి ఆదివారం ఒక కోడి నా చేత విప్పించింది, కొయ్యనివ్వలేదు. కోడి తొడ కీలు వెనక్కి విరిస్తే బుడిపె దానంతటదే బయటికొస్తది, చాకు కొనతో చుట్టూ గీస్తే చాలు, కొట్టడం అన్న మాటే ఉండదు. మెడ పక్కన రక్తనాళాలు ఎక్కడ, ఊపిరి గొట్టం ఎక్కడ, ఎముక ఎంత లోతులో ఉంది, ఇవన్నీ కూడా తలతో ఉన్న కోడిని తెచ్చి వేలితో తడిమి చూసుకున్నా. ఆఖరికి బతికున్న కోడి మెడ పట్టుకున్నప్పుడు నాకు అది కొత్త చోటులా అనిపించలేదు.

ఏ జీవితో

బ్రాయిలర్ అన్ని సందుల్లో దొరుకుద్ది, కానీ అది చూడ్డానికి రెండు కేజీలున్నా నిజానికి ఆరు వారాల పిల్ల, తోలు పల్చన, నీళ్లు కొంచెం వేడెక్కితే చిరిగిపోద్ది. కీళ్లు, ముక్కలు నేర్చుకోవడానికి బ్రాయిలర్ మంచిదే, ఎముకలు మెత్తన కాబట్టి తప్పు కొట్టినా చెయ్యి జారదు. కానీ మొదటిసారి కొయ్యడానికి నా ఓటు గుడ్లు తగ్గిపోయిన లేయర్ కోడికి. ఫారాల వాళ్లు ఏడాదిన్నర దాటిన మందని తీసేసినప్పుడు చవగ్గా ఇచ్చేస్తారు, మనిషి అలికిడికి అలవాటైన కోడి, పెద్దగా పెనుగులాడదు, మెడ సన్నం, ఈకలు పల్చన. మాంసం గట్టి, కుక్కర్లో ఆరేడు విజిల్స్ వేయించాలి, పులుసు మాత్రం బ్రహ్మాండం.

నాటు పుంజుతో మొదలెట్టకండి, ముఖ్యంగా పందెం జాతి అసీల్ పుంజుతో. మెడ మీద ఈకలు చాపలా ఉంటాయి, తోలు మందం, కాలి ముల్లు గీరితే మీ చెయ్యి ముందు తెగుద్ది. వనరాజా, గ్రామప్రియ లాంటివి, హైదరాబాద్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటికోసం తయారు చేసిన రకాలు, మధ్యస్తంగా ఉంటాయి, అవి పదో కోడికి పదిహేనో కోడికి పెట్టుకోండి. బాతు కొయ్యడం తేలికే, ఈకలు పీకేసరికి ప్రాణం పోద్ది, మీది. కౌజు పిట్ట బుల్లి శరీరం, అందులో నేర్చుకోడానికి ఏం మిగలదు, పైగా ఫారం కౌజులే కొనండి, అడవి పిట్టల్ని పట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. పంది గురించి ఒక్క మాట, వద్దు. దాని బలం, అరుపు, బొచ్చు గోకడానికి కావాల్సిన నీళ్లు, అన్నీ ఇంట్లో చేసే స్థాయి దాటిపోతాయి, మత్తెక్కించే పరికరం లేకుండా పందిని బాధ పెట్టకుండా కొయ్యడం నాకు తెలిసి సాధ్యం కాదు.

ఇక వేట, అంటే మేకా గొర్రే. రెంట్లో ఏది అంటే, గొర్రె నెమ్మది, మేక గోల. మేకని పట్టుకోగానే అరుస్తది, ఆ అరుపు చిన్నపిల్లల ఏడుపులా ఉంటదని సగం మంది అక్కడే ఆగిపోతారు. గొర్రెకి ఉన్న ఇబ్బంది బొచ్చు, దాని మురికి మాంసానికి అంటకుండా తోలు ఒలవడం కొత్తవాళ్ల వల్ల కాదు. రెండూ మంద జీవాలే, ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా బెదురుతాయి, అందుకని ఆఖరి నిమిషం దాకా పక్కన తోడు ఉంచాలి, కోసేది మాత్రం ఆ తోడు కంటబడకుండా కొయ్యాలి. కనీసం ఇరవై పాతిక కోళ్లు సొంతంగా కోసి, ఎక్కడా రెండో కోత పడలేదు అనుకున్నాకే వేట గురించి ఆలోచించండి. ఇంకో సంగతి, పిల్లలు పేరు పెట్టిన మేకని మీ మొదటి మేక చేసుకోకండి. మా చిన్నాడు ఒకదానికి "లడ్డూ" అని పెట్టాడు, దాన్ని పక్క తోట వాళ్ల మేకతో మార్చుకున్నాం, అందులో సిగ్గేం లేదు.

ఎవరి దగ్గర

చికెన్ సెంటర్ దగ్గర నేర్చుకునేది చేతి వేగం. పండగ ఆదివారం ఒక కుర్రాడు వందల కోళ్లు కోస్తాడు, కీలు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాడు, చాకు సాన పెట్టడంలో వాళ్లని మించినోళ్లు లేరు. మా దగ్గరున్న షాపు అబ్బాయి నాకు సాన పెట్టడం నేర్పాడు, రాయి మీద ఏటవాలుగా పెట్టి రెండు పక్కలా సమానంగా లాగడం, పేపరు గాల్లో పట్టుకుని ఒక్క లాగుకి తెగుద్దా లేదా చూడడం. కానీ ప్రాణం తీసే పద్ధతి మాత్రం అక్కడ చూసి నేర్చుకోకండి. క్యూలో జనం ఉన్నప్పుడు ఎవరికీ ఓపిక ఉండదు, రెక్కలు మెలేసి పట్టుకోవడం, కోసి డ్రమ్ములో పడేసి పక్క కోడిని తీసుకోవడం, డ్రమ్ములో అది చచ్చిందో లేదో చూసేవాళ్లుండరు. వాళ్లని తిట్టడం లేదు, మనం కేజీకి పది రూపాయలు తగ్గించమని బేరమాడతాం, వాళ్లు సెకన్లు తగ్గిస్తారు.

ఊళ్లో చుట్టాల దగ్గర నేర్చుకోవడం అన్నిటికన్నా సహజం, అన్నిటికన్నా ప్రమాదం కూడా, ఎందుకంటే మనల్ని పిలిచేది పండగప్పుడే. ముక్కనుమ నాడో, అనకాపల్లి నూకాలమ్మ జాతరకో, పాడేరు మోదకొండమ్మ పండగకో వెళ్తే ఇంటి నిండా జనం, పొద్దున్నే మందు, పిల్లల కేకలు, ఒక్క కత్తికి ముగ్గురు పోటీ. మంచి పనిమంతుడైన పెద్దాయన కూడా ఆ రోజు మీకు ఓపిగ్గా చూపించలేడు. పండగ వెళ్లాక రెండో ఆదివారం ఆయన ఇంటికి ఒక్కరే వెళ్లండి, కోడి మీరే తీసుకెళ్లండి, "బాబాయ్ మెల్లిగా చెయ్యి, నేను చూడాలి" అని అడగండి. ఆ ఒక్క పూట పది పండగల పెట్టు. పెద్దవాళ్ల దగ్గర ఉన్న గొప్ప విషయం జీవిని పట్టుకునే తీరు. మా మావయ్య కోడిని చంకలో పెట్టుకుని తల మీద నిమురుతూ ఒక రౌండ్ నడిచొస్తారు, కళ్లు మూతలు పడతాయి దానికి. ఎందుకలా అంటే "బెదిరిన కోడి కూర నమలబుద్ది కాదమ్మా" అంటారు.

ఆయన మాట వెనక లెక్క ఉంది. కండలో దాచిపెట్టుకున్న చక్కెర చచ్చిపోయాక లాక్టిక్ ఆమ్లంగా మారుద్ది, దాంతో మాంసం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) ఏడు దగ్గర్నించి ఐదున్నరకి పడిపోద్ది, అలా పడితేనే మాంసం మెత్తబడతది, నిలవుంటది. రాత్రంతా బెదిరి, తన్నుకుని, వ్యాన్లో ఎగిరెగిరి వచ్చిన మేకకి ఆ చక్కెర ముందే అయిపోతది, పీహెచ్ దిగదు, మాంసం నల్లగా, జిగురుగా, తొందరగా పాడయ్యేలా తయారవుద్ది. జాలి లేనివాళ్లు కూడా కనీసం కూర కోసమైనా జీవిని నెమ్మదిగా చూసుకోవాలి అని నేనంటా.

కోర్సు కావాలంటే హైదరాబాద్ చెంగిచెర్లలో ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వాళ్ల జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, 1999లో మొదలైంది, ఒకప్పుడు నేషనల్ రీసెర్చ్ సెంటర్ ఆన్ మీట్ అనేవారు. శుభ్రమైన పద్ధతిలో మాంసం తయారీ మీద శిక్షణలు ఇస్తారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటాం కాబట్టి దూరం పెద్ద సమస్య కాదు, కానీ అది షాపులు, చిన్న యూనిట్లు పెట్టేవాళ్ల కోసం నడిపేది, మీ పెరటి రెండు కోళ్ల కోసం అంత దూరం పోనక్కర్లేదు. మేకల దాకా వెళ్లాలనుకునే వాళ్లకి, ముఖ్యంగా కార్జం ఊపిరితిత్తులు చూసి ఇది తినొచ్చా లేదా చెప్పడం నేర్చుకోవాలనుకునే వాళ్లకి మాత్రం వెళ్లమనే చెప్తా. మనకి దగ్గర్లో విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ పశువుల డాక్టర్లని పరిచయం చేసుకుని అడిగినా నష్టం లేదు. వీడియోలు చూడండి, కానీ లోపల ఏది ఎక్కడుందో తెలుసుకోడానికి చూడండి. చాకు ఎంత నొక్కాలో స్క్రీన్ చెప్పదు.

ఏ పద్ధతిలో

కోడికి ఇంట్లో చేసే పద్ధతులు మూడు. మొద్దు మీద పెట్టి తల నరకడం, మెడ లాగి ఎముక విడదియ్యడం, తలకిందులుగా గరాటాలో పెట్టి మెడ పక్క రక్తనాళాలు కొయ్యడం.

మొద్దు మీద నరకడం చూడ్డానికి ఖాయంగా ఉంటది, తల పోయాక అనుమానమే లేదు కదా అని. ఇబ్బంది ఏంటంటే కోడి తల అటూ ఇటూ తిప్పుతది, ఒకళ్లు పట్టుకోవాలి ఒకళ్లు కొట్టాలి, గురి ఒక్క అంగుళం తప్పితే ముక్కు మీదో రెక్క మీదో పడుద్ది, పట్టుకున్నవాళ్ల వేళ్లు కూడా అక్కడే ఉంటాయి. మెడ లాగడం వచ్చినవాడి చేతిలో చాలా తొందరైన పద్ధతి, రక్తం కనపడదు కాబట్టి కొందరికి మనసుకి తేలిక కూడా. రానివాడి చేతిలో మాత్రం సగం లాగి వదిలేసిన కోడి అయితది, అంతకన్నా ఘోరం లేదు. యూరప్ చట్టంలోనే చేత్తో మెడ విరవడానికి మూడు కేజీల దాకా పక్షులకే, అదీ ఒక మనిషి రోజుకి డెబ్భై దాటకుండా అని హద్దు పెట్టారు, చెయ్యి అలిసిపోతే పట్టు తప్పుద్దని.

గరాటా పద్ధతి నాకు నచ్చింది, కొత్తవాళ్లకి ఇదే చెప్తా. దానికి ప్రత్యేకంగా కొననక్కర్లేదు, ఐదు లీటర్ల నూనె క్యాన్ అడుగు తీసేసి, మూతి తల పట్టేంత వెడల్పు చేసి గోడకి తలకిందులుగా మేకు కొడితే అయిపోయింది. కోడిని అందులో తలకిందులుగా దింపితే రెక్కలు శరీరానికి ఆనుకుని ఉంటాయి, కొట్టుకోలేదు, కాసేపటికి ఊరుకుంటది. ఎడం చేత్తో తల పట్టుకుని, దవడ ఎముక కిందగా, ఈకలు వేలితో పక్కకి తీసి, చాకు తోలుకి ఆనించి ఒక్క లాగు, రెండో పక్క ఇంకో లాగు. గొట్టం తెగకపోయినా పర్లేదు, రెండు పక్కలా రక్తనాళాలు తెగాలి, అదే ముఖ్యం. రక్తం ధారగా రావాలి, చుక్కలు చుక్కలుగా వస్తే కోత సరిగ్గా పడలేదని అర్థం, ఆలోచించకుండా వెంటనే మళ్లీ కొయ్యాలి. స్పృహ పోవడానికి పదిహేను ఇరవై సెకన్లు, కొన్నిసార్లు ఇంకొంచెం పట్టొచ్చు, ఆ తర్వాత వచ్చే రెక్కల కొట్టుడు నరాలది, నొప్పిది కాదు. ఇది ముందే తెలీకపోతే కంగారు పడి తల వదిలేస్తారు. తల వదలకండి. వేలితో కంటి మీద తాకితే రెప్ప ఆడకూడదు, ఊపిరి ఆగిపోవాలి, కనీసం రెండు నిమిషాలు గడియారం చూసుకుని ఆగండి. ఊపిరున్న కోడిని వేడినీళ్లలో ముంచడం కన్నా పాపం ఇంకోటి లేదు.

వేడినీళ్లు అరవై నించి అరవై ఐదు డిగ్రీలు, ముంచేది నిమిషం లోపు, లేయర్ కోడికి కాస్త ఎక్కువ. థర్మామీటర్ లేకపోతే మరుగుతున్న నీళ్లు ఎన్నో కుళాయి నీళ్లు అన్ని, సమానంగా కలపండి, మన వైజాగ్ కుళాయి నీళ్లకి లెక్క సరిగ్గా అక్కడికొస్తది. తోక ఈక లాగితే తేలిగ్గా వచ్చేస్తే నీళ్లలోంచి తీసెయ్యాలి. తర్వాత పసుపు రాసి మంట మీద కాల్చడం మనందరికీ తెలిసిందే, ఆ వాసన లేకపోతే నాటుకోడి పులుసుకి అందమే రాదు. రాత్రి గింజలు వెయ్యకుండా నీళ్లు మాత్రం పెడితే మెడ కింద సంచీ, పేగులూ ఖాళీగా ఉంటాయి, పొరపాటున చిరిగినా అంత రోత ఉండదు. కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా ఉండే చేదు తిత్తి మాత్రం కార్జం కొసముక్కతో సహా కోసి అవతల పారెయ్యండి, పొదుపుకి పోయి అది పగిలితే కూరంతా పోయినట్టే.

మేక దగ్గరికొస్తే పద్ధతులు రెండు, మెడ కొయ్యడం, ఒక్క వేటుకి తల తెగ్గొట్టడం. వేటు వెయ్యడం జాతరల్లో చూసి చాలా తేలిక అనుకుంటారు. బరువైన కత్తి, ఏళ్ల అలవాటు, రెండోసారి అవసరం పడని గురి ఉన్నవాళ్ల పని అది, నేర్చుకునేవాళ్లు గురి తప్పితే భుజం మీద పడుద్ది. పైగా గుళ్లోనూ ఊరేగింపుల్లోనూ బలి ఇవ్వడం మన రాష్ట్రంలో 1950 చట్టం ప్రకారం నిషేధం. మెడ కోత అయితే సాయిబులు హలాల్‌కి చేసేదీ అదే దారి, గొంతు కిందగా ఒక్క లాగులో గొట్టమూ రెండు పక్కల నాళాలూ తెగాలి, వెన్నెముక జోలికి పోకూడదు. మేకకీ గొర్రెకీ మెదడుకి వెళ్లే రక్తం ఎక్కువగా ఆ రెండు నాళాల్లోంచే వెళ్తది, అందుకని కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుద్ది. పశువులకి మెడ వెనక ఎముక లోపల్నించి కూడా మెదడుకి రక్తం అందే దారి ఉంది కాబట్టి వాటికి అంత తొందరగా కాదు. చాకు పొడుగు మెడ వెడల్పుకి రెండింతలు ఉండాలి, లేకపోతే రంపంలా ముందుకీ వెనక్కీ లాగాల్సొస్తది. కబేళాల్లో వాడే మత్తు యంత్రాలు మనకి దొరకవు, అలాగని ఇంటి కరెంటు తీగలతో ప్రయోగాలు చెయ్యకండి, మేకకి నరకం, మీకు చావు. మొదటి రెండు మూడు మేకలకి కోత అనుభవమున్న మనిషి చేతే పెట్టించండి, మీరు తల పట్టుకోండి, అది కూడా నేర్చుకోవడమే.

తోలు ఒలవడం మాత్రం మొదటి రోజే మీరు చెయ్యొచ్చు. వెనక కాళ్ల నరానికి తాడేసి మామిడి కొమ్మకి వేలాడదీసి, కాళ్ల దగ్గర గీత పెట్టి, అక్కడ్నించి చాకు పక్కన పడేసి పిడికిలితో తోలుకీ మాంసానికీ మధ్య తోస్తూ రావాలి. చాకు వాడితే తోలుకి కన్నాలు, మాంసానికి బొచ్చు. పొట్ట చీరేటప్పుడు చాకు కొన మీ వైపు ఉండాలి, కొన లోపలికి పెడితే పేడ సంచి చిరుగుద్ది, అయిపోయింది ఇక, కడిగినా వాసన పోదు. వెనక పేగు చివర్ని చుట్టూ కోసి దారంతో ముడెయ్యడం మర్చిపోకండి. ఇరవై కేజీల మేకకి తొమ్మిది పది కేజీల మాంసం వస్తది, తలకాయ, కాళ్లు, బోటి, కార్జం వేరే, నెత్తురు ముప్పావు లీటరు దాకా. మా మొదటి మేకకి మూడు గంటలు పట్టింది, షాపులో అరగంట పని అది.

ఎండ సంగతి. మన దగ్గర డిసెంబర్ పొద్దున్న తప్ప ఎప్పుడూ ఉక్కే, ఈగలే. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలెట్టి ఎండెక్కేలోపు ముగించాలి. కోడిని శుభ్రం చేశాక వెంటనే ఐస్‌నీళ్లలో వెయ్యొచ్చు, ఐస్ ఫిషింగ్ హార్బర్ వైపు కావాల్సినంత దొరుకుద్ది, మూడు నాలుగు గంటలయ్యాక వండితే మెత్తగా ఉంటది. మేకని మాత్రం వెంటనే ఫ్రీజర్లో పెట్టకండి, కొవ్వు పల్చన కాబట్టి కండ బిగుసుకునే లోపే చల్లబడితే తోలులా గట్టిపడిపోద్ది. నీడలో గాలాడేలా నాలుగైదు గంటలు ఉంచి అప్పుడు ఫ్రిజ్‌లోకి, మే నెలలో అయితే అంతసేపు ఉంచలేం, అసలు మే నెలలో మేక పెట్టుకోకండి.

చాకుల్లో కమ్మరి కొలిమిలో చేయించిన ఉక్కు చాకు ఒకటి, స్టీలు చాకు ఒకటి. ఉక్కుది తొందరగా పదునెక్కుద్ది, మన సముద్రపు గాలికి రెండ్రోజుల్లో తుప్పు పడుద్ది, నూనె రాసి గుడ్డలో చుట్టాలి. స్టీలుది తుప్పు పట్టదు, సాన పెట్టాలంటే ఓపిక కావాలి. నేను కోతకి ఉక్కుది, లోపలి పనికి స్టీలుది వాడతా. ముక్కలు కొట్టడానికి చింతమొద్దు, ప్లాస్టిక్ పలక మీద మేక ఎముక కొడితే పలకే ముక్కలవుద్ది.

సిటీలో ఉండేవాళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. 2001 కబేళా నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ హద్దుల్లో లైసెన్సున్న కబేళాలో తప్ప జీవాల్ని కొయ్యకూడదు. జీవీఎంసీ, అదే మన విశాఖ నగరపాలక సంస్థ, అంటే గాజువాక, ఎంవీపీ వరకే అనుకోకండి, 2013లో భీమిలి, అనకాపల్లి కూడా కలిపేశారు, కాబట్టి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మేకని కట్టేసే ఆలోచన మానెయ్యండి. చూలుతో ఉన్నదాన్నీ, మూడు నెలల లోపు పిల్లనీ, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లినీ కొయ్యకూడదని, ఇంకో జీవి కళ్లెదుట కొయ్యకూడదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. పంచుకోవడం దాటి అమ్మడం మొదలెడితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి, రోజుకి పది చిన్న జీవాలు లేదా యాభై కోళ్ల దాకా చిన్న రిజిస్ట్రేషన్ సరిపోద్ది, అది దాటితే లైసెన్సు.

దానంతటది చచ్చిన జీవిని చౌకగా వచ్చిందని ఎప్పుడూ కొయ్యకండి, నేర్చుకోడానికి కూడా. అరకు, పాడేరు ఏజెన్సీలో ఆంత్రాక్స్, అదే దొమ్మ జబ్బు, మళ్లీ మళ్లీ మనుషులకి వచ్చింది ఇలా చచ్చిన మేకల్నీ గొర్రెల్నీ కోసి తినడం వల్లే. ముక్కులోంచి వెనకనించి నల్లటి రక్తం కారుతూ, ఆ రక్తం గడ్డ కట్టకుండా ఉంటే దాన్ని ముట్టుకోకుండా పశువుల డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, కోస్తే ఆ క్రిమి మట్టిలో ఏళ్ల తరబడి బతుకుద్ది. కోళ్లు ఒక్కసారిగా నాలుగైదు పోతే కూడా అంతే, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేం రెండు నెలలు కత్తి ముట్టలేదు. కడుపులో పురుగులకి మందు, ఇంజెక్షన్ ఇచ్చిన జీవికి సీసా మీద రాసిన గడువు దాటాకే కొయ్యాలి. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడగల్లాంటివి కనపడితే ఆ భాగం కుక్కకి వెయ్యకండి, కుక్క కడుపులో అది పురుగై మళ్లీ మేకల్లోకీ మనుషుల్లోకీ వస్తది. వ్యర్థాలన్నీ మూడడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చెయ్యండి, గెడ్డలో పడేస్తే ఆ ఊరి వాళ్లతో మీ స్నేహం ఆ రోజుతో సరి.

కాబట్టి ఇప్పుడు ఫోన్ చేసే వాళ్లకి నేను చెప్పేది ఇంతే. ఈ ఆదివారం తలా కాళ్లూ ఉన్న కోడిని ఈకలూ పేగులూ తీయించి, ముక్కలు కొట్టకుండా ఇమ్మని షాపులో అడగండి, ఇస్తారు, కొంచెం వింతగా చూస్తారు. ఇంటికి తెచ్చి, కీలెక్కడుందో వేలు పెట్టి చూసుకుని ఒక గంట దాంతో కూర్చోండి. అలా ఎనిమిది పది కోళ్లయ్యాక మా తోటకి రండి, లేయర్ కోడి నేనే తెప్పించి ఉంచుతా, ముందు రోజు రాత్రి దానికి గింజలు వెయ్యను. చాకు మాత్రం మీదే తెచ్చుకోండి, పేపరు తెగకపోతే ఆ రోజుకి సాన పెట్టుకుని వెళ్లిపోవడమే.